తీగ, గాజు, ఓవెన్: దేనికి ఎంత చాకిరీ?

బరంపురంలో మా వీధిలో ఒక ఇచ్చిపుచ్చుకోవడం చాలా ఏళ్లుగా నడుస్తోంది. నేను తీగల కొమ్మలు ఇస్తాను. మూడిళ్ల అవతల ఉండే మా వదినకు పాత గాజు సామాను పోగేసే పిచ్చి. ఒకే రకం సీసా రెండు దొరికితే ఒకటి మాకు పంపేస్తుంది. పక్కింటి ఒడియా ఆవిడను మేమంతా నానీ అంటాం, అంటే అక్క అని. ఆవిడ శనివారం ఛెనాపోడ (విరగ్గొట్టిన పాల ముద్ద, అంటే ఛెనాతో కాల్చే ఒడియా మిఠాయి) కాల్చిందంటే ఒక ముక్క గోడ మీదుగా మా ఇంటికి రావాల్సిందే. డబ్బుల ప్రసక్తి లేదు. వస్తువుతో పాటు సలహా కూడా వస్తుంది, అది అడగకపోయినా వస్తుంది.

ఈ మధ్య కొత్త ఇల్లు కట్టుకున్న చుట్టాలు, అపార్ట్‌మెంట్లలోకి మారిన పిల్లలు తరచూ ఫోన్ చేస్తున్నారు. ఏ తీగ పెట్టమంటావ్, ఏ ఓవెన్ కొనమంటావ్, వదినలాగా మేమూ సీసాలు పోగెయ్యొచ్చా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాస్తున్నాను. నా కొలత ఒక్కటే, చాకిరీ. ధర ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటాం. కత్తిరించడం, తుడవడం, తోమడం మాత్రం వారం వారం ఉంటాయి. ఫోటోల్లో అవి కనపడవు.

తీగలు

ముందు గోడ చూడండి, తరవాత తీగ. గోపాల్‌పూర్ సముద్రం మాకు పదిహేను కిలోమీటర్లు. ఎండ, చెమట, ఉప్పుగాలి, అక్టోబరు వచ్చిందంటే తుఫాను భయం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆనాటికి మా మేడ మీద రాధామనోహరం కాలు పెట్టడానికి సందు లేనంత గుబురుగా ఉంది. అంత ఆకు గాలికి తెరచాప అయిపోయింది. ఇనప పైపుల పందిరి పందిరంతా వంగి నానీ వాళ్ల నీళ్ల ట్యాంకు మీద వాలింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ తీగ మళ్లీ నాటతానన్నప్పుడు మాత్రం నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పర్లాకిమిడిలో మా పెద్దమ్మ వాళ్ల పందిరికీ ఇదే గతి పట్టింది.

అయినా మళ్లీ నాటాను. ఎందుకంటే రాధామనోహరానికి సాటి లేదు. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగు, ఆ తరవాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులు. రాత్రి తెల్లగా ఉన్నప్పుడు వాసన ఎక్కువ, ఆ వాసనకు పెద్ద చిమ్మటలు వస్తాయి. ఒడియాలో దీన్ని మధుమాలతి అంటారు, నర్సరీలో ఆ పేరు చెబితేనే ఇస్తారు. చాకిరీ సంగతికొస్తే, దీనిది చాలా ఎక్కువ. వేళ్ల నుంచి పిలకలు వేస్తూనే ఉంటుంది, వదిలేస్తే రెండో అంతస్తు కిటికీలోకి దూరుతుంది. ఒక మంచి గుణం ఏమిటంటే పూలు కొత్త చిగుళ్ల మీద వస్తాయి కాబట్టి ఎంత కత్తిరించినా అలగదు. ఇప్పుడు నేను సెప్టెంబరు ఆఖర్లో సగానికి సగం కొట్టేస్తాను. కొన్ని పూలు పోతాయి, పోనీ. నేలలో కాకుండా పెద్ద డ్రమ్ములో పెడితే దూకుడు కొంచెం తగ్గుతుంది.

దీనికి ఎదురుగా నిలబడేది కాగితం పూలు. బ్రెజిల్ నుంచి వచ్చిన మొక్క. ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ పేరు పెట్టారు, మనం బోగన్‌విల్లా అంటున్నది అదే. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే, అసలు పువ్వు మధ్యలో చిన్నగా, తెల్లగా ఉంటుంది. ఉప్పుగాలికి జంకదు. నీళ్లు తక్కువైతే ఇంకా పూస్తుంది, ఎక్కువ పోస్తే ఆకు మాత్రమే వేస్తుంది. రోజూ నీళ్లు పోసి పూయట్లేదని ఏడ్చేవాళ్లను నలుగురిని చూశాను. వారం రోజులు మర్చిపోండి అని చెబితే వాళ్లకు నమ్మకం కుదరదు. వానాకాలంలో ఎలాగూ ఆకే ఎక్కువ. ఫిబ్రవరి నుంచి మే దాకా దాని రాజ్యం. ముళ్లుంటాయి, వాసన ఉండదు. చంటిపిల్లలున్న ఇంట్లో గేటు మీదికి వద్దు.

కాబట్టి ఎండ మండే మేడ మీదికి, ఊళ్లు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్లకు కాగితం పూలు. పడకగది కిటికీ దగ్గర, రోజూ కత్తెర పట్టుకునే ఓపిక ఉంటే రాధామనోహరం. ఈ రెండింటినీ ఒకే పందిరికి పాకించకండి. నేను పాకించాను. రెండేళ్లకు కాగితం పూలు ఎక్కడున్నాయో వెతకాల్సి వచ్చింది.

పూలు జడలోకి కావాలంటే లెక్క మారుతుంది. బొండుమల్లె నిజంగా పాకే రకం కాదు, కుండీలో గుబురుగా పెరుగుతుంది. చలికాలంలో నీళ్లు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే మార్చి నుంచి విరగబూస్తుంది. సన్నజాజి మాత్రం అసలైన తీగ, నాలుగు తాళ్లు కట్టినా చాలు పైకి వెళ్తుంది. సాయంత్రం మొగ్గలు కోసి మాల కడితే రాత్రికి విచ్చుకుంటాయి. మల్లె వేసవిలో ఊదరగొట్టి ఊరుకుంటుంది, జాజి వానల్లో కూడా కొద్దికొద్దిగా ఇస్తూనే ఉంటుంది. నన్నడిగితే జాజే. ఇక్కడి నర్సరీల్లో జాయి వేరు, జూయి వేరు. పలకడంలో ఒక్క అక్షరం తేడా, ఇంటికొచ్చాక పువ్వే వేరు. పేరు నమ్మకుండా పూసి ఉన్న మొక్కనే చూసి తెచ్చుకోండి.

ఓపిక లేనివాళ్లకు శంఖపుష్పం. ఒడియా ఇళ్లలో అపరాజిత అంటారు. గింజలు రాత్రి నానబెట్టి పొద్దున్న గుచ్చితే సుమారు రెండు నెలల్లో పూలు. చిక్కుడు జాతి కాబట్టి వేళ్ల బుడిపెల్లో నత్రజనిని పట్టుకుంటుంది, ఎరువు పెద్దగా అడగదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇదే సరి, ఖాళీ చేసేటప్పుడు జేబులో గింజలు వేసుకుని పోవచ్చు. ఎండిన కాయలు పగిలి రాలకముందే కోసుకోవాలి, అంతే చాకిరీ.

నీడ ఉన్న పెరట్లో తమలపాకు పెట్టండి. కోస్తా ఒడిశాలో దీన్ని బరజల్లో, అంటే చుట్టూ, పైనా తడికలు కట్టిన తోటల్లో పెంచుతారు. దీన్ని బట్టే దానికి ఏం కావాలో తెలిసిపోతుంది. నీడ, తేమ, గాలి కొట్టకుండా చాటు. మన ఇంట్లో బావి గట్టు పక్కనో, బట్టలుతికే చోట గోడ వారనో ఆ మూడూ దొరుకుతాయి. నీళ్లు నిలవకూడదు, వేరు కుళ్లుతుంది.

నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటే పైకి పాకేది కాదు, కిందికి వేలాడేది కావాలి. అందరూ కర్టెన్ క్రీపర్ అంటున్న ఆకు తీగ దానికి బాగుంటుంది, పూల ఆశ పెట్టుకోకండి. కూర కూడా రావాలంటే తీగ బచ్చలి, దొండ. ఈ రెండింటికీ సలహా ఎందుకు, కొమ్మ గుచ్చితే చాలు. ఇక ఫోన్లలో తిరిగే ఊదా గుత్తుల విస్టీరియా, పళ్లెమంత పూల క్లెమాటిస్ మన సముద్రపు ఊళ్లకు పనికిరావు. వాటికి చలి కావాలి. గింజల ప్యాకెట్ ఎవరైనా చవగ్గా అమ్మినా కొనకండి.

గాజు

ఇది నా రంగం కాదు, మా వదిన చెప్పింది విని, ఆవిడ అలమర తుడిచి నేర్చుకున్నది.

మొదలుపెట్టేవాళ్లు గోలీ సోడా సీసాతో మొదలుపెట్టాలంటుంది వదిన. నేనూ అదే అంటాను. ఇంగ్లండులో హిరమ్ కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా ఇది. తలకిందులుగా పెట్టి నింపుతారు. గ్యాసు ఒత్తిడికి గోలీ మెడలోకి వచ్చి రబ్బరు రింగుకు బిగుసుకుంటుంది, మూతే అక్కర్లేదు. వేలితో నొక్కితే గోలీ లోపలికి జారి మెడ కింద నొక్కుల దగ్గర ఆగుతుంది, మనకు గుక్క దొరుకుతుంది. చిన్నప్పుడు మనం తాగిన వస్తువు కాబట్టి కథ తెలుసు. దొరుకుతుంది కూడా. పాత సామాను కబాడీల దగ్గర, మూతపడ్డ సోడా కొట్ల వెనకాల.

పాతదా కొత్తదా అన్నది ఎలా? గాజులో చిన్న చిన్న బుడగలు, గోడ మందంలో హెచ్చుతగ్గులు, కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండి అంచులు అరిగి ఉండటం, అడుగున రుద్దుకుపోయిన గరుకు. ఇవన్నీ కలిసి ఉంటే పాతది అనుకోవచ్చు. ఒక్క బుడగ చూసి బేరానికి దిగకండి, ఇప్పుడు అలంకారానికి చేసే సీసాల్లోనూ బుడగలు ఉంటున్నాయి. నోటి దగ్గర పెచ్చు ఊడిందేమో వేలితో తడిమి చూడండి. తుడవడానికి సన్నని సీసా బ్రష్ ఒకటి చాలు. విరిగినా గుండె పగలదు.

ఇంకొంచెం కథ కావాలనుకుంటే లాంతర్లు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో గాజు కూడా మనమే చేసుకోవాలన్న పట్టుదల మహారాష్ట్రలో బాగా కనిపిస్తుంది. జనం దగ్గర పైసా పైసా పోగుచేసిన పైసా ఫండ్‌తో 1908లో తలేగావ్‌లో గాజు కార్ఖానా పెట్టారు. తరవాత కరాడ్ దగ్గర ఓగలే సోదరుల కార్ఖానా వచ్చింది, ప్రభాకర్ లాంతర్లు వాళ్లవే. మా వదిన దగ్గర ఒకటి ఉందని చెప్పుకుంటుంది. రేకు మీద అక్షరాలు సగం తుప్పు తినేశాయి కాబట్టి నేను వాదించను. ఉప్పుగాలి ఊళ్లో లాంతరుతో చిక్కు అదే. గాజు బాగానే ఉంటుంది, రేకు పోతుంది. నెలకోసారి నూనె గుడ్డతో తుడవాలి. చిమ్నీ ఒక్కటే దొరికితే తీసుకోండి, మొత్తం లాంతరు కోసం ఆరాటపడకండి.

కార్నివాల్ గాజు చూస్తే మాత్రం ఎవరికైనా మనసు లాగుతుంది. వేడి గాజు మీద లోహపు లవణాలు చల్లడం వల్ల నెమలి మెడలా మెరుస్తుంది. ఇది అమెరికాలో, యూరప్‌లోనే కాదు, ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ కూడా చేసింది. చెయ్యి ఆకారంలో ఉండే పూలసీసాలు వాళ్లవి పేరు పడ్డాయి. కొన్నింటికి జైన్ అన్న పేరు గాజులోనే ఉంటుంది. వీటిని గరుకు పీచుతో తోమారా, మెరుపు పోతుంది. పని మనిషి చేతికి ఇవ్వలేరు, మీరే తోముకోవాలి. అంటే చాకిరీ మొత్తం మీదే.

కట్ గ్లాసు, క్రిస్టల్ గురించి తక్కువే చెబుతాను. గోటితో మీటితే గంటలా మోగుతుంది, దానికి కారణం గాజులో కలిపిన సీసం. చూసుకోండి, అతిథికి మంచినీళ్లు ఇవ్వండి, అంతేకానీ నిమ్మకాయ పచ్చడి పోసి నెలలు దాచకండి. పులుపుకు సీసం దిగుతుంది. నల్లకాంతి (యూవీ) టార్చి వేస్తే ఆకుపచ్చగా వెలిగే యురేనియం గాజూ అలాంటిదే, అలమరలో ఉండాలి, కంచం పక్కన కాదు.

దాచడంలో మా ఇళ్లలో అందరం ఒకటే తప్పు చేశాం. న్యూస్‌పేపర్లో చుట్టి అటక మీద పెట్టాం. మన తేమకు రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి గాజు పాలు పోసినట్టు మసకబారింది. మసక గాజు దొరికితే ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి. నీళ్ల సున్నం అయితే వదులుతుంది. వదలకపోతే గాజు పైపొరే పాడైనట్టు, ఇక అది తిరిగి రాదు, ధర తగ్గించి అడగండి. తలుపులున్న అలమర, నేలకు దగ్గరి అరలు, మధ్యలో గుడ్డ ముక్కలు. తెరిచిన ర్యాక్ అందంగా ఉంటుంది, దుమ్ము మాత్రం రోజూ తుడవాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు మా వదిన ముందు సీసాలను మంచం కిందికి దించుతుంది, తరవాతే అన్నయ్యకు ఫోన్ చేస్తుంది.

ఒకటి, రెండు రంగు సీసాలు మిగిలితే మనీ ప్లాంట్ పెట్టుకోవచ్చు. తెల్ల సీసాలో వెలుతురు పడి నాచు పడుతుంది, గోధుమరంగు మందు సీసాలో తక్కువ పడుతుంది. ఏదైనా వారానికోసారి నీళ్లు మార్చాలి. ఆకు నమిలితే నోరు మండుతుంది, పాకే పిల్లలకు అందకుండా చూడండి.

ఓవెన్

ఓవెన్ కొనేముందు షాపుకు కాదు, వంటింటి గోడ దగ్గరికి వెళ్లండి. 1500 వాట్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ ఒకటైన కరెంటు ఓవెన్) 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మామూలు చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. పాత ఇంట్లో ఉన్నప్పుడు నేను ఎక్స్‌టెన్షన్ వైరుతో చిన్న ప్లగ్గుకే పెట్టి నాలుగు కేకులు చేశాను. అయిదో కేకుకు వనిలా వాసనతో పాటు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. పదహారు ఆంపియర్ల పాయింటు లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆ ఖర్చు కూడా ఓవెన్ ధరలో కలిపి లెక్కేసుకోండి.

నెలకోసారి, పిల్లల పుట్టినరోజుకు మాత్రమే చేసేవాళ్లకు ఓవెనే అక్కర్లేదు. మందపాటి కడాయిలో ఇసుకో ఉప్పో పోసి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేసి కేకు గిన్నె దించితే సరిపోతుంది. కరెంటు పోతుందన్న టెన్షన్ లేదు. పైన రంగు రాదు, కింద కొంచెం మాడుతుంది. వారం వారం చేస్తే ఓటీజీ. రోజూ అన్నం, కూర వేడి చేసుకోవడం కూడా కావాలంటే కన్వెక్షన్ (ఫ్యానుతో వేడి గాలి తిప్పే ఏర్పాటు) ఉన్న మైక్రోవేవ్, కానీ అందులో గిన్నె చిన్నది పడుతుంది, మధ్యలో తలుపు తీస్తే వేడి పోతుంది. కన్వెక్షన్ లేని మామూలు మైక్రోవేవ్‌లో కేకు తెల్లగా, రబ్బరులా వస్తుంది. దానిలో బేకింగ్ అన్న మాటే వద్దు.

ఏం చెయ్యాలన్నది ఇంకో ప్రశ్న. మా పిల్లలు కేకు అంటారు, నానీ ఛెనాపోడ అంటుంది. మన వాతావరణంలో మొదటిసారి చేతికి ఛెనాపోడే సులువు. పొంగుతుందా లేదా అన్న భయం లేదు. పోడ అంటే కాలినది అని, మాడితేనే దానికి పేరు. నయాగఢ్ వైపు పుట్టిన మిఠాయి అని ఒడియావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. రెండున్నర, మూడు లీటర్ల పాలు విరగ్గొడితే దాదాపు అరకిలో ఛెనా వస్తుంది. నూట యాభై గ్రాముల పైచిలుకు పంచదార, రెండు మూడు చెంచాల రవ్వ, యాలకులు, నెయ్యి, జీడిపప్పు. ఛెనాను అరచేత్తో బాగా మెదపాలి, చాకిరీ అంతా అక్కడే. ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర యాభై నిమిషాల నుంచి గంట. అంచులు నల్లబడే దాకా ధైర్యంగా ఉండాలి. నా చెయ్యి ప్రతిసారీ పది నిమిషాలు ముందే స్విచ్ వైపు పోతుంది, నానీకి ముక్క తినగానే తెలిసిపోతుంది. బయట ఒక్క పూటే ఉంచండి, పాల సరుకు, తరవాత ఫ్రిజ్‌లోకి.

కేకే కావాలంటే వేసవిలో వెన్న కన్నా నూనెతో చేసేది మేలు. మే నెలలో మన వంటింట్లో వెన్న గిన్నెలో పెట్టగానే కరిగిపోతుంది, పంచదారతో గిలకొట్టినా గాలి నిలవదు. పైన వెన్న క్రీము పూశారో, కొవ్వొత్తి వెలిగించేలోపు జారుతుంది. బ్రెడ్డు సంగతి ఇంకో తీరు. మేలో పిండి ముద్ద ముప్పావు గంటలో రెట్టింపవుతుంది, పుల్లబడక ముందే పట్టుకోవాలి. కొండమీద కొరాపుట్‌లో ఉండే మా చెల్లెలికి జనవరిలో అదే ముద్ద రెండు గంటలు దాటినా కదలదు. గడియారం కాదు, ముద్దను చూడండి. ఈస్ట్ ప్యాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లో ఉండాలి.

శంఖపుష్పంతో నీలం కేకు చేయొచ్చా అని ముగ్గురు అడిగారు. పిండిలో కలపకండి. ఆ రంగు పులుపు తగిలితే ఊదా, సోడా తగిలితే పచ్చన. నేను వంటసోడా వేసిన పిండిలో కలిపాను, నాచు పట్టిన గోడలాంటి కేకు వచ్చింది. పూలు మరగబెట్టిన నీళ్లను పైన పూసే పంచదార ముద్దలో కలపండి. అక్కడ నీలంగా ఉంటుంది, రెండు చుక్కల నిమ్మరసం వేస్తే ఊదా.

ఇక గిన్నె. అల్యూమినియం త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, కేకుకు అదే బాగుంటుంది. గాజు మెల్లగా వేడెక్కుతుంది, ఒకసారి వేడెక్కితే వదలదు. గాజు గిన్నె వాడితే పదిహేను డిగ్రీలు తగ్గించండి, లేదంటే అంచులు ఎండిపోతాయి. ఛెనాపోడకు నాకు గాజే ఇష్టం, పక్కలు ఎంత కాలాయో కనపడుతుంది. నానీ ఒప్పుకోదు. గిన్నెలో సాల ఆకు పరచాల్సిందే అంటుంది, ఆ వాసన గాజుకు ఎక్కడిది అంటుంది. ఆకు దొరికిన వారం ఆవిడ మాటే నెగ్గుతుంది. సాల ఆకు లేనప్పుడు అరటాకును మంట మీద కాస్త చూపించి వాడండి.

గాజు గిన్నెల్లోనూ రెండు జాతులు. బోరోసిలికేట్ గాజు వేడికి వ్యాకోచించేది మామూలు గాజులో మూడో వంతు మాత్రమే, అందుకే ఓవెన్‌లో తట్టుకుంటుంది. 1915లో పైరెక్స్ పేరుతో వంటింట్లోకి వచ్చింది ఆ రకమే. మా వదిన ఒకసారి పూల నగిషీ ఉన్న దళసరి గాజు గిన్నె ఇచ్చింది. మందంగా ఉంది కదా, గట్టిదే అనుకున్నాను. మందం ఎక్కువైతే లోపలికీ బయటికీ వేడి తేడా ఎక్కువై ఇంకా ముందే పగులుతుందని అప్పుడు తెలియదు. ఓవెన్‌లోంచి తీసి తడి గట్టు మీద పెట్టాను, టప్ మని మూడు ముక్కలైంది, ఛెనాపోడంతా గాజు పెంకులు. వదిన ఏడ్చింది గిన్నె కోసం, నానీ ఏడ్చింది ఛెనా కోసం. కాబట్టి గిన్నె అడుగున బోరోసిలికేట్ అనో, ఓవెన్‌లో వాడొచ్చనో రాసి ఉంటేనే లోపల పెట్టండి. బయటికి తీశాక పొడి గుడ్డ మీదో, చెక్క పీట మీదో దించండి. అడుగున ఏమీ రాసి లేని పాత గిన్నె ఎంత అందంగా ఉన్నా పెరుగు తోడుపెట్టుకోవడానికి ఉంచుకోండి.